అంచున ఉన్న సంవత్సరాలు

పాత కారు ఫ్లైవీల్‌ని లేతు మిషను మీద తరిగించి తేలిక చేయించుకునేవారు, ఆ కారు నడిచిన సంవత్సరాల్లో ఏవి తరగాలో ముందుగా రాసివ్వాలి. ఇనుములో ఏ సంవత్సరం ఎక్కడ ఉందో లేతు పనివాడికి తెలియదు. అది యజమాని చూపించాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ పని చేసే షాపులు ఒక వరసంతా ఉన్నాయి. బోర్డుల మీద "క్లచ్ ప్లేట్లు, బ్రేక్ డ్రమ్ములు, సంవత్సరాలు" అని ఉంటుంది.

ఫ్లైవీల్ అంటే ఇంజన్ వెనక బిగించే ఇనుప చక్రం. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా ఇంజన్ వెంటనే నెమ్మదించకుండా కాసేపు అదే ఊపున తిరుగుతోందంటే ఆ చక్రం బరువే కారణం. అది ఎంత బరువుంటే బండి అంత నిమ్మళంగా కదులుతుంది, అంత ఆలస్యంగా పుంజుకుంటుంది. పాత కార్లలో చక్రం మొదటి నుంచీ బరువు. దానికి తోడు నడిచిన సంవత్సరాలు అందులో పేరుకుంటాయి. కొత్తగా వచ్చిన సంవత్సరం మధ్యలో చేరి, ముందున్నవాటిని బయటికి నెడుతుంది. అందువల్ల అన్నిటికన్నా పాతవి అంచున ఉంటాయి. మధ్యలో కిలో తీసినా బండికి పెద్దగా తెలియదు. అంచున కొంచెం తీస్తే చాలు, తెలుస్తుంది. పాత రోజులే మనిషిని ఎక్కువ లాగుతాయి ఎందుకని ఎవరైనా అడిగితే ఆటోనగర్‌లో ఈ లెక్కే చెబుతారు.

తరిగిన సంవత్సరాన్ని ఎవరూ మరిచిపోరు. రవాణా శాఖ కరపత్రంలో ఈ సంగతి మొదటి పేజీలోనే ఉంది. పేర్లు, తేదీలు, ఎవరేమన్నారో అన్నీ గుర్తుంటాయి. గుర్తొచ్చినప్పుడు లోపల ఏదీ తిరగదు. తేడా అంతే. ఆ సంవత్సరం ఆ కారు ఎక్కినవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది కాబట్టి వాళ్ళందరి దగ్గరా అభ్యంతరం లేదని సంతకాలు తేవాలి. చనిపోయినవారి తరఫున శాఖే అభ్యంతరం లేదని భావిస్తుంది. ఎన్నికల ప్రచారానికి వాడే వ్యాన్లకు మాత్రం సంతకాలు అక్కర్లేదు. వాటికి ఐదేళ్ళకోసారి తరగడం తప్పనిసరి. పోయినసారి తిరిగిన వీధుల్లోకే అవి మొదటిసారి వచ్చినట్టు వస్తాయి.

తాడంకి కస్తూరి సత్యనారాయణపురంలో పానకాలు మోటార్ డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. పానకాలరావు ఆమె భర్త. స్కూలు పెట్టింది అతను. 1986 చివర్లో ఒక ఫియట్ కారు కొని, తన పక్కన ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు పెట్టించి, పైన ఎర్ర అక్షరంతో బోర్డు కట్టి పాఠాలు మొదలుపెట్టాడు. మొదటి ఏళ్ళలో ఊళ్ళో ఆడవాళ్ళకు నేర్పే స్కూలు అదొక్కటే. పొద్దున్నే బందరు కాలవ గట్టు మీద పాఠం. చెప్పులతో క్లచ్ తెలియదని పానకాలరావు అందరిచేతా చెప్పులు విప్పించేవాడు. కారు లాకుల దాకా వెళ్ళి వచ్చేలోగా గట్టు మీద చెప్పుల జతలు వరసగా ఉండేవి. ఆ చెప్పులను బట్టి ఇవాళ ఎంతమంది వచ్చారో కాలవ అవతలివాళ్ళు చెప్పగలిగేవారు.

బరువైన చక్రం నేర్చుకునేవాళ్ళకు మంచిది. కాలు తొందరగా వదిలేసినా బండి వెంటనే ఆగిపోదు. తప్పు చేసినవాళ్ళకు దిద్దుకునే వ్యవధి ఇస్తుంది. ఆ కారు అంతమందిని భరించి, మూడు తరాల క్లచ్ ప్లేట్లు మార్పించుకుని, పానకాలరావు పోయాక కూడా కస్తూరి చేతిలో నడుస్తూ వచ్చింది.

ఇప్పుడు ఆ కారుకు ఫిట్‌నెస్ కాగితం రావడం లేదు. నగరంలో సిగ్నళ్ళ దగ్గర పచ్చలైటు ఉండే సమయాన్ని తగ్గించారు. నెమ్మదిగా కదిలే బండి ఒకటుంటే వెనక వరసంతా మిగిలిపోతోందని శాఖ ఒక పరీక్ష పెట్టింది. మైదానంలో ఒక సిగ్నల్ స్తంభం నాటారు. పరీక్షకు వచ్చిన బండి దాని ముందు ఆగాలి. వెనక శాఖవారి జీపు ఆగుతుంది. జీపులో ఒక ఉద్యోగి హారన్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. పచ్చలైటు పడ్డాక అతని ఓపిక నశించేలోగా ముందు బండి రెండో గేరులోకి రావాలి. అతని ఉద్యోగం అదే. సెలవు మీద వెళ్ళినప్పుడు ఓపిక ఇంకా తక్కువ ఉన్న మరొకరిని వేస్తారు. కస్తూరి కారుకు రెండుసార్లు హారన్ మోగింది. మూడోసారీ మోగితే బండిని తుక్కుకు పంపుతారు. కారు కొలిమిలోకి వెళుతుంది, దానిలో ఉన్న సంవత్సరాలన్నీ వెళతాయి. యజమానికి ఒక మొక్క ఇస్తారు.

కోయంబత్తూరు నుంచి తేలిక చక్రం కొత్తది తెప్పించుకునే వీలుంది. దాని ఖరీదు పెట్టే స్థితిలో కస్తూరి లేదు. ఉన్నా, కొత్తది ఖాళీగా వస్తుంది, పాతదాన్ని శాఖకు అప్పగించాలి. తక్కువలో అయ్యే పని, ఉన్నదాన్నే కొంత తరిగించుకోవడం. కొంత వదులుకుంటే మిగతాది ఉంటుంది. ఆమె కారు తీసుకుని ఆటోనగర్‌లో షేక్ బాజీ షాపుకు వెళ్ళింది.

బాజీ మాటకారి. కొత్త చక్రం తన బావమరిది తక్కువకి తెప్పిస్తాడని ముందు ఆ బేరం మొదలుపెట్టాడు. కస్తూరి వద్దంది. గేరుబాక్సు దించి, క్లచ్ విప్పి, చక్రాన్ని బయటికి తీసి ఒక ఇరుసు మీద నిలబెట్టాడు. పద్ధతి ప్రకారం యజమాని అంచు మీద చూపుడు వేలు ఆనించి, చక్రాన్ని రెండో చేత్తో మెల్లిగా తిప్పాలి. మామూలు రోజుల మీద వేలు జారిపోతూ ఉంటుంది. ఆగిన చోట గడ్డ ఉంటుంది. బరువైన రోజులు ఏ సంవత్సరానివైనా గడ్డకట్టి అంచుకు చేరతాయి. అక్కడ వేరే రోజులకు చోటుండదు.

కస్తూరి వేలు ఒక చోట ఆగింది. అది 2009లో ఒక రోజు. పానకాలరావు ఆ కారులో చనిపోయిన రోజు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, బాజీని అక్కడ సుద్దతో గుర్తు పెట్టమంది. తీసేయాల్సింది అదేనని, దాని కోసమే వచ్చానని చెప్పింది. బాజీ గడ్డను కొలిచి, అంత బరువు తీస్తే పికప్ తప్పకుండా వస్తుందన్నాడు. కస్తూరికి నిజంగానే తేలిక అనిపించింది. బండి నిలుస్తుంది, పోవాల్సింది ఒక్కటే పోతుంది.

అప్పుడు బాజీ చక్రాన్ని సగం తిప్పి, ఎదురుగా ఉన్న అంచు మీద వేలు పెట్టమన్నాడు. వేలు అక్కడా ఆగింది. 1986లో, కారు కొన్న వారంలో, పానకాలరావు ఆమెకు క్లచ్ నేర్పిన రోజు.

"ఒక పక్క తీసి ఎదర పక్క వదిలేస్తే చక్రం వణుకుద్ది మేడంగారూ. అది గడ్డకట్టాక కూడా ఇన్నేళ్ళు మీ బండి వణక్కుండా నడిచిందంటే ఈ రెండూ ఎదురుబొదురు ఉండబట్టే. తీస్తే రెండూ తియ్యాలి."

కస్తూరి సుద్ద గుర్తు చూపించి, ఒకటే తీసి చూద్దామంది. బాజీ ఒప్పుకోలేదు. భవానీపురంలో ఒకాయన భార్య వదిలి వెళ్ళిన రోజు ఒక్కటే తీయించుకున్నాడని, బండి నలభై దాటితే వణికేదని, కొన్నాళ్ళకు ఆయన చేతులూ వణకడం మొదలైందని చెప్పాడు. ఆ పని చేసిన షాపు పేరు కూడా చెప్పాడు. ఆ షాపు తన షాపుకు ఎదురుగా ఉంది కాబట్టి అందులో నిజమెంతో కస్తూరికి తెలియలేదు. అయితే వణికే చక్రం బేరింగులను తినేస్తుందన్న సంగతి ఆమెకూ తెలుసు.

మిగిలిన దారి, గడ్డలను వదిలేసి అంచు మొత్తాన్ని సమానంగా ఒక పొర తరగడం. 1986లో కారు నడిచింది కొద్ది వారాలే కాబట్టి, అంచున ఉన్న మొదటి పూర్తి పొర 1987. ఆ పొర తీస్తే సరిపోతుందని బాజీ లెక్క. అందులో కస్తూరికి సంబంధించింది తక్కువ. ఆ ఏడాది ఆమె ఇంట్లో పసిపిల్లతో ఉంది. కారులో ఉన్నది నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు.

ఆమె వాళ్ళ జాబితా తయారు చేసుకుని సంతకాల కోసం బయల్దేరింది. ఇంత సులువుగా అవుతుందని అనుకోలేదు. కొందరు ఫోన్‌లో బొటనవేలు బొమ్మ పంపారు. శాఖ దాన్ని సంతకంగా ఒప్పుకుంటుంది. ఒకాయన ఏ సంవత్సరమో వినకుండానే సరేనన్నాడు. ఒకామె, తీసేటప్పుడు 1988 కూడా తీయడానికి వీలవుతుందా అని అడిగింది. హైదరాబాదులో ఉన్న ఒక డాక్టరు ఆ కారు బాగా గుర్తుందని, చెప్పుల సంగతి ఇప్పటికీ అందరికీ చెబుతుంటానని రాసి, కిందే అభ్యంతరం లేదని రాశాడు.

ఆ జాబితాలో మల్లంపల్లి దైవాధీనం కూడా ఉన్నాడు. 1987లో కాలేజీ కుర్రాడు, కాలవ గట్టు మీద బండి ఆపేసి ఏడ్చేవాడు. ఇప్పుడు ఫిట్‌నెస్ మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు. కస్తూరి కారును రెండుసార్లు ఫెయిల్ చేసిన కాగితాల మీద అతని సంతకమే ఉంది. కస్తూరిని చూడగానే కుర్చీలోంచి లేచాడు. తను ఏడిస్తే సారు తిట్టేవారు కాదని, బండి ఆగిపోతే దానికీ కాస్త విశ్రాంతి కావాలిగా అనేవారని గుర్తు చేసుకున్నాడు. అలా మాట్లాడుతూనే సంతకం పెట్టాడు. నిబంధన విషయంలో తను చేయగలిగింది ఏమీ లేదని, ఇది మాత్రం చేయగలనని అన్నాడు.

సంతకం పెట్టనిది ఒక్కతే. పేరు బొడ్డు మాణిక్యం. పటమటలో ఉంటుంది. ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసి మానేసింది. ఆమె 1987లో ఒక నెలపాటు నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ కారు నడపలేదు. వాళ్ళింట్లో కారు లేదు, సైకిలుంది. కస్తూరి వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కాగితం చివరిదాకా చదివి, మడతపెట్టి తిరిగి ఇచ్చింది.

"మీరు ఏదడిగినా ఇస్తా మేడం. ఇది మాత్రం అడగమాకండి."

"ఏదీ మర్చిపోవు మాణిక్యం. అన్నీ గుర్తుంటాయి."

"గుర్తుండి ఏం చేసుకోను? ఆ నెల నేను తెల్లారకముందే లేచి, ఎవరికీ టీ పెట్టకుండా, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేదాన్ని. ఎక్కడికే అంటే కారు నేర్చుకోటానికి అని చెప్పేదాన్ని. మా అత్త మొహం చూడాలి మీరు. లైసెన్సు మురిగిపోయింది మేడం. నేను మురగలా."

ఆస్పత్రిలో తిట్లు తిన్న రోజుల్లో, భర్త తాగి వచ్చిన రోజుల్లో, ఆ నెల తనలో తిరుగుతూనే ఉండేదని మాణిక్యం చెప్పింది. ఈ మాటలు చెబుతూ చిక్కుడుకాయల పని ఆపలేదు. కస్తూరికి కాసిని కాయలు కవరులో వేసి ఇచ్చింది.

ఒక్క సంతకం తగ్గినా పొర తరగడానికి వీల్లేదు. కస్తూరి రవాణా కార్యాలయానికి వెళ్ళి దారి ఏముందని అడిగింది. ఆ సెక్షను చూసే గుమాస్తా ఆమెకు మేలు చేయాలనే అనుకున్నాడు. చిరునామా తెలియని ప్రయాణికుల విషయంలో నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే చాలని, గడువులోగా ఎవరూ రాకపోతే అభ్యంతరం లేనట్టేనని వివరించాడు.

"ఆమె పేరు ఎదురుగా చిరునామా తెలియదని రాయండమ్మా. ఆ బోర్డు ఎవరూ చదవరు. సగం ఊరు అట్టాగే తేలికయింది."

తనకు చిరునామా తెలుసునని కస్తూరి అంది. తెలిసినదంతా ఎవరూ రాయరని గుమాస్తా అన్నాడు. అతని బల్ల మీద అలాంటి దరఖాస్తులు కట్టలుగా ఉన్నాయి. కస్తూరి తన సంగతి ఆలోచించింది. చిన్నప్పుడు మేనమామ జీపులో తిరిగింది. పెళ్ళికి ముందు కంకిపాడు నుంచి అద్దె కార్లలో వచ్చిపోయింది. ఆ బళ్ళ యజమానులు తన పేరెదురుగా ఏం రాశారో ఆమెకు తెలియదు. మేనమామ జీపును తలుచుకుంది. రంగు గుర్తొచ్చింది, నంబరు గుర్తొచ్చింది. ఇంకేమీ రాలేదు. అది మొదటి నుంచీ అంతేనా, మధ్యలో అలా అయిందా అన్నది తెలుసుకునే మార్గం లేదు.

ఆమె దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆటోనగర్ వెళ్ళి, రెండు గడ్డలూ తీసేయమని బాజీతో చెప్పింది. అతను బావమరిది బేరం ఇంకోసారి ఎత్తబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. ఇవి ఆమె ఒక్కదాని రోజులు. 2009 నాటి రోజు కారులో ఉన్నది ఆమె, పానకాలరావు. 1986 నాటి రోజు కూడా వాళ్ళిద్దరే. రెండో మనిషి తరఫున శాఖ ఇదివరకే అభ్యంతరం లేదని భావించింది. అదనంగా సంతకాలేవీ అవసరం పడలేదు.

గడ్డ తీసేముందు ఆ రోజును యజమాని ఒకసారి పైకి చెప్పడం ఆటోనగర్ ఆనవాయితీ. మిషను ఆపి, పనివాడు వింటాడు. మధ్యలో మాట్లాడకూడదు. ఎందుకు మొదలైందో ఎవరికీ తెలియదు. చెప్పకుండా తీస్తే డ్రిల్లు బిట్లు విరుగుతాయని కొందరంటారు.

కస్తూరి ముందు 2009 సంగతి చెప్పింది. పొద్దున పానకాలరావుకు గుండెలో నొప్పి వచ్చింది. ఆమే కారు తీసింది. అతను తన మామూలు సీట్లో, నేర్పేవాడి సీట్లో కూర్చున్నాడు. అలవాటుగా అతని కాళ్ళు తన వైపు క్లచ్, బ్రేకుల మీద ఉన్నాయి. దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి వస్తోంది. ఆమె ఇంజను నడుస్తుండగానే ఉంచింది, గేటు తీయగానే దూకించాలని. గూడ్సు సగం దాటాక అతను మాట్లాడాడు.

"ఇంజన్ ఆపు కస్తూరీ. పెట్రోలు దండగ."

ఆమె ఆపింది. ఆపాక కూడా చక్రం బరువుకు ఇంజను ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగింది. గేటు తీశారు. ఆమె తాళం తిప్పింది. అతని కాలు క్లచ్ మీదే ఉండిపోయింది కాబట్టి బండి కదల్లేదు. ఎందుకు కదలడం లేదని ఆమె అతన్నే అడిగింది.

ఇది చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. బాజీ తల వంచుకుని విన్నాడు. తర్వాత డ్రిల్లు మిషను పెట్టి, సుద్ద గుర్తు ఉన్న చోట గడ్డను తీశాడు. ఇనుప రజను కింద రేకు మీద పడింది. ఆటోనగర్‌లో రజను పనివాడికే చెందుతుంది. బాజీ దాన్ని చీపురుతో మూలకు నెట్టాడు.

చక్రాన్ని సగం తిప్పారు. కస్తూరి 1986 సంగతి మొదలుపెట్టింది. కాలవ గట్టు మీద అతను ఆమె చెప్పులు విప్పించాడు. పక్కన కూర్చుని, వదులు, వదులు, ఇంకా వదులు అంటూ ఉన్నాడు. ఆమెకు నవ్వొచ్చి కాలు ఒక్కసారిగా వదిలేసింది. బండి ఆగిపోతుందనుకుంది. ఆగలేదు, కదిలింది. లాకుల దాకా వెళ్ళారు. అక్కడ వెనక్కి తిప్పడం ఆమెకు రాదు, ఎలా తిప్పాలో చెప్పాలని అతనికి తోచలేదు. ఇద్దరూ దిగి, ఫియట్‌ను చేతులతో తోసి తిప్పారు. తిరిగి వచ్చేసరికి ఒక చెప్పును కుక్క ఎత్తుకుపోయింది. ఆమె ఉత్త కాళ్ళతో ఇంటికి వెళ్ళింది. అతను కూడా తన చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్ళతోనే పక్కన నడిచాడు. వీధిలోవాళ్ళు ఏమైందని అడిగితే కారు నేర్చుకుంటున్నామని చెప్పాడు.

కస్తూరి దీన్ని నవ్వుతూ చెప్పింది. పక్క షాపువాళ్ళు తొంగి చూశారు. మొదటి గడ్డ పోయింది, రెండోది ఇంకా ఉంది. ఆ కాసేపు ఆమెకు అతను నేర్పిన రోజు మాత్రమే ఉంది, పోయిన రోజు లేదు. అంతకు ముందు ఆ నవ్వు చివర ఎప్పుడూ గేటు పడేది. ఇప్పుడు పడటం లేదు. ఆమె అదే సంగతిని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. కుక్క దగ్గరికి వచ్చేసరికి బాజీ కూడా నవ్వాడు. ఆనవాయితీ ప్రకారం రెండోసారి వినక్కర్లేదు. అతను విన్నాడు. మూడోసారి కూడా చెప్పమంటే వినేవాడే.

కస్తూరి ఇరుసు మీద ఉన్న చక్రాన్ని వేలితో కదిలించింది. ఒక పక్క బరువు లేనందువల్ల అది తిరిగి తిరిగి బరువున్న వైపునే కిందికి తెచ్చుకుని ఆగింది. ఇంకోసారి కదిలించింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"కానీ బాజీ," అంది.

బాజీ రెండో గడ్డ తీశాడు. చక్రాన్ని ఇరుసు మీద తిప్పి చూశాడు. ఇప్పుడది ఏ పక్కకూ మొగ్గకుండా, ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది. పని శుభ్రంగా వచ్చిందన్నాడు. కస్తూరి కూడా చూసి, శుభ్రంగా వచ్చిందని ఒప్పుకుంది.

మూడో పరీక్షకు దైవాధీనం తనే వచ్చి ఫియట్‌లో, నేర్పేవాడి సీట్లో కూర్చున్నాడు. 1987 పొర తరగలేదు కాబట్టి అతనికి అన్నీ ఉన్నాయి. తన వైపున్న రెండో క్లచ్‌ను బూటుతో తాకకుండా కాళ్ళు పక్కకు పెట్టుకున్నాడు. సిగ్నల్ ఎర్రగా ఉంది.

"సారు ఈ సీట్లోనే కదా మేడం," అన్నాడు.

"అవునండీ, ఈ సీటే. బెల్టు పెట్టుకోండి."

పచ్చలైటు పడింది. కారు కదిలి, రెండో గేరులోకి వచ్చి, మైదానం దాటింది. వెనక జీపులో ఉద్యోగి హారన్ మీద చెయ్యి అలాగే ఉంచుకుని ఉన్నాడు. దైవాధీనం కిందికి దిగి కాసేపు కారు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. కస్తూరి ఫిట్‌నెస్ కాగితం ఎక్కడ తీసుకోవాలని అడిగింది.

స్కూలు నడుస్తోంది. చక్రం తేలికయ్యాక నేర్చుకునేవాళ్ళకు కొంచెం కష్టమైంది. కాలు ఏమాత్రం తొందరపడినా ఇంజను ఆగిపోతోంది. ఆగితే మళ్ళీ తాళం తిప్పమని కస్తూరి చెబుతుంది. విసుక్కోదు. ఇదివరకు ఎవరైనా మొదటిసారి బండి కదిలించినప్పుడు ఆమె వాళ్ళ భుజం మీద తట్టేది. ఇప్పుడు మానేసింది. మానేసినట్టు ఆమెకు తెలుసు. ఎందుకు తట్టేదో కూడా తెలుసు. పిల్లలు త్వరగా నేర్చుకోవడానికి ఈ పద్ధతే మంచిదని అనుకుంది.

కొన్నాళ్ళకు మాణిక్యం జామకాయలు తీసుకుని వచ్చింది. తను సంతకం పెట్టనందుకు కారు తుక్కుకు పోయిందేమోనని ఆమెకు దిగులు. వాకిట్లో ఫియట్‌ను చూసి నిలబడిపోయింది. ఎలా పాసైందని అడిగింది. వేరే రెండు రోజులు తీయించానని కస్తూరి చెప్పింది. ఏ రెండని మాణిక్యం అడిగింది. కస్తూరి చెప్పింది. ఒకటి ఆయన పోయిన రోజు, రెండోది ఆయన తనకు నేర్పిన రోజు. అన్నీ గుర్తున్నాయి, ఇబ్బందేమీ లేదంది.

మాణిక్యం మెట్టు మీద కూర్చుంది. నేర్పిన రోజు ఏం జరిగిందో చెప్పమంది. కస్తూరి జామకాయలు కోస్తూ చెప్పింది. చెప్పులు, లాకులు, కారును తోసి తిప్పడం, కుక్క, వీధిలోవాళ్ళు, అన్నీ వరసలోనే వచ్చాయి. ఏదీ తప్పిపోలేదు. కుక్క దగ్గర మాణిక్యం నవ్వింది. ఉత్త కాళ్ళతో ఆయన పక్కన నడిచాడన్నప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఏడవడం మొదలుపెట్టింది. కస్తూరి ఉప్పు, కారం ఉన్న పళ్ళెం ఆమె దగ్గరికి జరిపి, ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నావు మాణిక్యం?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

"ఎవరో ఒకరు ఏడవాలి కదా మేడం," అని మాణిక్యం అంది.

కస్తూరి ఆలోచించి, అది సబబుగానే ఉందంది. ఏటా ఆ రెండు తేదీల్లోనూ వచ్చి కాసేపు కూర్చోవడానికి వీలవుతుందా అని అడిగింది. మాణిక్యం వస్తానంది. బస్సు ఛార్జీలు ఇస్తానంటే వద్దంది.

ఇలాంటి ఏర్పాట్లు నగరంలో అక్కడక్కడా జరుగుతున్నాయని రవాణా శాఖ దృష్టికి వచ్చింది. ఈ ఏడాది నుంచి ఫిట్‌నెస్ పునరుద్ధరణ దరఖాస్తులో ఒక గడి చేర్చారు. తీయించుకున్న రోజులను తమ తరఫున మోయడానికి ఒప్పుకున్న వ్యక్తి పేరు, వారితో బంధుత్వం అక్కడ రాయాలి. కస్తూరి ఆ గడి నింపి, బంధుత్వం దగ్గర శిష్యురాలు అని రాసింది. కౌంటరులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ గడి నింపి ఉన్న కాగితం తను చూడటం అదే మొదలన్నాడు. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారని ఆమె అడిగింది. పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడతారని, ఆ పైన వర్తించదు అని రాసి ఇస్తారని అతను చెప్పాడు.